జంతువులపై మందుల పరీక్షలు: నిబంధన మారింది, ల్యాబ్‌లో ఏం మారింది?

క్లుప్తంగా

కొత్త మందును మనుషులకు ఇచ్చే ముందు జంతువులపై పరీక్షించి తీరాలన్న పట్టు మెల్లగా సడలుతోంది. అమెరికా 2022 డిసెంబరులో, భారత్ 2023 మార్చిలో ఇతర పద్ధతులకు కూడా నిబంధనల్లో చోటిచ్చాయి. అంతమాత్రాన జంతు ప్రయోగాలను నిషేధించినట్టు కాదు. కొన్ని పరీక్షలకు జంతువుల అవసరం తీరిపోయింది. కొన్నింటికి ఇంకా తీరలేదు. మరికొన్నింటికి ఆ అవసరం మొదటి నుంచీ అంతంతమాత్రమే. మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే చర్చంతా గందరగోళంగా తయారైంది.

నిబంధనలో అసలేముంది

"ఇక జంతువులపై ప్రయోగాలు ఉండవు" అనే అర్థం వచ్చే వార్తలు ఈ మధ్య చాలా వచ్చాయి. జరిగింది అది కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్‌ను 2023 మార్చిలో సవరించింది. మానవ కణాలతో పెంచిన త్రీడీ ఆర్గనాయిడ్లు (అవయవాల బుల్లి నమూనాలు), మానవ కణాలుండే ఆర్గన్-ఆన్-చిప్ పరికరాలు, కంప్యూటర్ మోడల్స్ ఇచ్చే ఫలితాలను కూడా మందు భద్రతకు ఆధారంగా చూపడానికి దారి తెరిచింది. అంతకు మూడు నెలల ముందు, 2022 డిసెంబరు 29న, అమెరికా కూడా 1938 నాటి తన చట్టంలో ఇలాంటి మార్పే చేసింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంకో అడుగు వేసి, మోనోక్లోనల్ యాంటీబాడీలతో మొదలుపెట్టి జంతు పరీక్షలను తగ్గించుకుంటూ పోతామని ప్రకటించింది.

యాంటీబాడీలతోనే మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇవి మనిషి శరీరంలోని ఒకానొక ప్రొటీన్‌ను గుర్తుపట్టి అంటుకునేలా తయారైన మందులు. అదే ప్రొటీన్ కోతిలోనో ఎలుకలోనో కాస్త వేరుగా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. పైగా మనిషి యాంటీబాడీని జంతువు శరీరం పరాయి పదార్థంగా భావించి దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. అప్పుడు కనిపించేది మందు ప్రభావమా, జంతువు ప్రతిస్పందనా అని తేల్చడం కష్టం. అంటే ఇక్కడ జంతువును పక్కన పెట్టాలన్న ఆలోచనకు జాలి ఒక్కటే కారణం కాదు. అది ఇచ్చే జవాబు అంత నమ్మదగింది కాదు.

కొత్త నిబంధనలు వేరే దారిని అనుమతించాయే గానీ పాత దారిని మూయలేదు. హైదరాబాద్‌లో తయారయ్యే మందు అమెరికా, యూరప్, జపాన్ మార్కెట్లకు వెళ్లాలంటే అన్ని చోట్లా అధికారులను ఒప్పించాలి. వాళ్లలో ఒక్కరు పాత పరీక్ష ఫలితాలు అడిగినా కంపెనీ ఆ పరీక్ష చేయించాల్సిందే. అందుకే చట్టం మారిన వేగంతో ల్యాబ్ జంతువులను ఉంచే యానిమల్ హౌస్‌లు ఖాళీ కావడం లేదు.

జంతువు ముందు, మనిషి తర్వాత: ఈ వరస ఎలా వచ్చింది

1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫనిలమైడ్ అనే మందును తియ్యటి సిరప్‌గా అమ్మింది. పొడిని కరిగించడానికి డైఇథలీన్ గ్లైకాల్ వాడింది. అది కిడ్నీలను దెబ్బతీసే విషం. వందమందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. అమ్మే ముందు మందు సురక్షితమని నిరూపించాలన్న నియమం అప్పటికి లేదు. ఆ మరణాల తర్వాతే 1938 చట్టం వచ్చింది. భద్రతకు రుజువు చూపించడం అంటే ఆ రోజుల్లో జంతువులపై పరీక్షించి చూపించడమే.

ఇదే రసాయనం 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్‌ల ద్వారా మళ్లీ పిల్లల ప్రాణాలు తీసింది. ఈ రెండు చోట్లా జంతు పరీక్షలు లోపించడం వల్ల ప్రమాదం జరగలేదు. ముడిసరుకును ల్యాబ్‌లో రసాయన పరీక్ష చేస్తే దొరికిపోయే కల్తీ అది. ఏ ప్రమాదాన్ని ఏ పరీక్ష పట్టుకుంటుందో తెలియకుండా "జంతు పరీక్షలుంటే భద్రత, లేకుంటే ప్రమాదం" అనుకోవడం సరికాదు.

రెండో కారణం ఇంకా బరువైనది. నాజీ శిబిరాల్లో ఖైదీలపై వైద్యులు చేసిన ఘోరాలను విచారించాక 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది. పాల్గొనే మనిషి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలన్నది అందులో మొదటి సూత్రం. జంతువులపై జరిపిన ప్రయోగాల ఫలితాల పునాదిపైనే మనుషులపై ప్రయోగం సాగాలన్నది మూడోది. 1964 నాటి హెల్సింకి ప్రకటన కూడా దాదాపు ఇదే బాటలో నడిచింది. మనిషిని కాపాడే నైతిక నియమాన్ని రాసినప్పుడే, ముందు నిలబడాల్సిన బరువు జంతువు మీద పడింది. జంతు ప్రయోగాలను సమర్థించేవారినీ వ్యతిరేకించేవారినీ మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని విడదీసే ముందు ఈ చరిత్ర గుర్తుంచుకోవాలి.

థాలిడమైడ్ కథను ఇరు పక్షాలూ వాడుకుంటాయి. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చి, 1961లో వెనక్కి తీసుకునేలోపు ఈ మందు పదివేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టడానికి కారణమైంది. జంతువులపై పరీక్షించినా పట్టుబడలేదని ఒక పక్షం అంటుంది. చూలు జంతువులపై తగిన పరీక్షలే జరగలేదని మరో పక్షం చెబుతుంది. రెండింటిలోనూ నిజముంది. తర్వాత చేసిన పరీక్షల్లో కుందేళ్లలో, కోతుల్లో ఆ లోపాలు కనిపించాయి. ఎలుకల్లో మాత్రం అంతగా కనిపించలేదు. ఏ జంతువును ఎంచుకున్నారు, ఏ దశలో పరీక్షించారు అన్నదాన్ని బట్టే జవాబు మారిపోయింది.

ఒక ప్రాణి శరీరం ఇంకో ప్రాణికి ఎంతవరకు సాక్ష్యం

దీనికి మన దేశమే పెద్ద ఉదాహరణ. డైక్లోఫెనాక్ మనుషులు నొప్పికి వాడే మామూలు మాత్ర. పశువులకూ బాగానే పనిచేసింది. ఆ మందు వాడిన కొద్దిరోజులకే చనిపోయిన పశువుల మాంసం తిన్న రాబందులు మాత్రం కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా రాలిపోయాయి. దేశంలో రాబందుల సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయాక, 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. బదులుగా మెలాక్సికామ్ సురక్షితమని తేల్చడానికి దాన్ని రాబందులకే ఇచ్చి చూడాల్సి వచ్చింది. రాబందులను కాపాడాలంటే కొన్ని రాబందులను ప్రమాదంలో పెట్టాలా అన్న ప్రశ్న అప్పుడు నిజంగానే ఎదురైంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. గినీ పందులకు పెన్సిలిన్ ప్రాణాంతకం, వాటి పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను అది చంపేస్తుంది. పారాసెటమాల్‌ను విరిచి బయటకు పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో చాలా తక్కువ, ఒక్క మాత్ర కూడా దానికి విషమే. మందును జీర్ణం చేసే ఎంజైములు, అది వెళ్లి తగిలే ప్రొటీన్లు, రోగనిరోధక కణాల తీరు, ఈ మూడింటిలో ఎక్కడ తేడా ఉన్నా ఫలితం తారుమారవుతుంది.

2006 మార్చిలో లండన్‌లో జరిగిన టీజీఎన్ 1412 అనే మందు ట్రయల్‌లో దెబ్బకొట్టింది మూడో తేడా. కోతుల్లో సురక్షితమని తేలిన మోతాదులో 500వ వంతును ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. గంటల్లోనే ఆరుగురి అవయవాలూ దెబ్బతినడం మొదలైంది. అందరూ బతికారు గానీ కొందరికి శాశ్వత నష్టం జరిగింది. ఆ మందు తగలాల్సిన సీడీ28 అనే ప్రొటీన్ మనిషి రోగనిరోధక వ్యవస్థలోని జ్ఞాపక టీ కణాల్లో ఉంటుంది. కోతుల్లోని అదే రకం కణాల్లో అది లేదని తర్వాత బయటపడింది.

మరో వైపు కూడా చూడాలి. 1921లో టొరంటోలో కుక్కలపై చేసిన ప్రయోగాలతో ఇన్సులిన్ దొరికింది. 1922 జనవరిలో చావుకు దగ్గరైన ఓ 14 ఏళ్ల కుర్రాడికి ఇచ్చారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు మనుషులు బతికింది పశువుల, పందుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్‌తోనే. తెలుగు నేలకు ఇంకా దగ్గరి ఉదాహరణ బోదకాలు మందు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్స్‌లో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో డైఇథైల్ కార్బమజీన్ బయటకొచ్చింది. ఫైలేరియా పురుగులు సోకిన కాటన్ ర్యాట్ అనే ఎలుకలపై వరసగా రసాయనాలు పరీక్షిస్తూ పోతే 1947లో దొరికిన మందు అది. మన జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్రలు అవే.

జంతు దశ దాటి మనుషులపై ట్రయల్‌కు వచ్చిన మందుల్లో పదింట దాదాపు తొమ్మిది మార్కెట్ దాకా రావు. జంతు పరీక్షలు పనికిరావనడానికి ఈ లెక్కను తరచూ చూపిస్తారు. సగమే నిజం. వాటిలో చాలా మందులు ప్రమాదకరమని ఆగిపోలేదు, జబ్బు మీద పనిచేయక ఆగిపోయాయి. జంతు దశలోనే విషమని తేలి మనిషి దాకా రాని రసాయనాలు ఈ లెక్కలోకే రావు. మతిమరుపు, పక్షవాతం, సెప్సిస్ వంటి జబ్బుల విషయంలో మాత్రం విమర్శకుల మాట బలంగా నిలుస్తుంది. కుర్ర ఎలుకలో కృత్రిమంగా తెప్పించిన జబ్బు, బీపీ, షుగర్ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి వచ్చిన జబ్బుతో సమానం కాదు.

పాముకాటు ఇంజెక్షన్: చర్చ అంతా ఒకే సీసాలో

దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2000 నుంచి 2019 వరకు జరిగిన మరణాలపై చేసిన అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వానాకాలంలో దివిసీమ పొలాల్లో పనిచేసే కూలీలకు ఈ విషయం లెక్కలు చూడకుండానే తెలుసు. కాటు పడ్డాక ప్రాణం నిలబెట్టే మందు ఒక్కటే, యాంటీ వెనమ్. దాని తయారీలో అడుగడుగునా జంతువు ఉంది.

ముందు పాముల నుంచి విషం తీస్తారు. చెన్నై దగ్గరి ఇరులర్ల సహకార సంఘం దశాబ్దాలుగా దేశానికి కావాల్సిన విషంలో చాలా భాగం ఇస్తోంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషాన్ని చాలా తక్కువ మోతాదులో గుర్రాలకు ఎక్కించి, వారాల పాటు కొంచెం కొంచెంగా పెంచుతారు. గుర్రం శరీరం విరుగుడు యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. దాని రక్తం తీసి ప్లాస్మాను వేరుచేసి, శుద్ధి చేసి సీసాల్లో నింపుతారు. తయారీ కంపెనీల్లో ఒకటి తెలంగాణలోనే ఉంది. గుర్రం చనిపోదు. కానీ ఇంజెక్షన్ పడినచోట పుండ్లు, రక్తహీనత వంటి బాధలు రాకుండా చూసుకోవడం పూర్తిగా నిర్వాహకుల శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది.

తర్వాత బలం పరీక్ష. విషాన్నీ విరుగుడునూ కలిపి చిట్టెలుకల నరంలోకి ఎక్కిస్తారు. ఒక్కో మోతాదుకు కనీసం అయిదారు చిట్టెలుకలు, 24 గంటల తర్వాత ఎన్ని బతికాయో లెక్క. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషాన్ని విరిచేయాలన్న మన ప్రమాణం ఈ పరీక్షతోనే తేలుతుంది. బతకని చిట్టెలుకకు అది నొప్పితో కూడిన చావే.

మనుషుల ప్రాణాల సంఖ్యను తూచే వాదం ప్రకారం ఇది సమర్థనీయం. కొన్ని గుర్రాలు, కొన్ని చిట్టెలుకలు ఒకవైపు, వేల మంది రైతులు, కూలీలు, పిల్లలు మరోవైపు. "అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు ప్రశ్న, బాధపడగలవా అన్నదే" అని 1789లోనే ఆంగ్ల తత్వవేత్త జెరెమీ బెంథామ్ లేవనెత్తిన వాదం ప్రకారం ఆ బాధ కూడా తూకంలోకి రావాలి. హక్కుల వాదం ఇంకా ముందుకెళ్లి అసలు తూకమే తప్పంటుంది. ఒప్పుకోవడానికి గానీ కాదనడానికి గానీ వీల్లేని ప్రాణిని ఇంకొకరి మేలు కోసం పనిముట్టుగా వాడకూడదన్నది దాని మాట. హక్కుల వాదాన్ని పూర్తిగా ఒప్పుకుంటే ఈ రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లో యాంటీ వెనమ్ ఉండదు. ఆ వాదాన్ని అసలు పట్టించుకోకపోతే గుర్రం పుండుకు మందు రాసే బాధ్యత ఎవరిదీ కాదు.

ఈ వాదాల మధ్య సాధారణంగా మరుగున పడే మరో విషయం ఉంది. మన యాంటీ వెనమ్ తయారీకి వాడే విషం ఎక్కువగా తమిళనాడు పాములది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని, దూర ప్రాంతాల పాముల విషంపై ఈ మందు బలం తగ్గుతుందని బెంగళూరు ఐఐఎస్సీ పరిశోధనలు చూపించాయి. అంటే తమిళనాడు విషంపై చిట్టెలుక పరీక్ష పాసైన మందు, రాజస్థాన్ రైతుకు చాలినంతగా పనిచేయకపోవచ్చు. చిట్టెలుకలను చంపి తెలుసుకున్న జవాబు ఆ రైతు అడగాల్సిన ప్రశ్నకు జవాబు కాదు. ఇక్కడ జంతువుకూ రోగికీ మధ్య పోటీ లేదు. ప్రశ్నను సరిగా వేయకపోతే ఇద్దరూ నష్టపోతారు.

2024లో ఐఐఎస్సీ, అమెరికా స్క్రిప్స్ సంస్థ శాస్త్రవేత్తలు కలిసి ల్యాబ్‌లోనే తయారయ్యే ఒక యాంటీబాడీని ప్రకటించారు. నాగుపాము, కట్లపాము, బ్లాక్ మాంబా వంటి పాముల విషంలోని ఒక రకం నాడీ విషాన్ని అది అడ్డుకుంటుంది. ఇలాంటివి పూర్తిస్థాయి మందుగా మారితే గుర్రాల అవసరం తప్పొచ్చు. అయితే ఆ యాంటీబాడీ పనిచేస్తుందని నిరూపించింది కూడా చిట్టెలుకల్లోనే.

కోతుల విషయం ఎందుకు వేరు

మనిషికి దగ్గరి శరీరం కాబట్టి కోతి ఇచ్చే సాక్ష్యానికి విలువెక్కువ. అదే కారణంతో దాని బాధకూ విలువెక్కువ. పోలియో టీకా అభివృద్ధికీ, తయారీకీ 1950ల్లో లక్షల సంఖ్యలో రీసస్ కోతులు కావాల్సి వచ్చాయి. అందులో ఎక్కువ భాగం భారత అడవుల నుంచి, ఊళ్ల నుంచి పట్టి ఎగుమతి చేసినవే. వైద్య అవసరాలకు మాత్రమే వాడాలన్న షరతును కాదని అమెరికాలో రేడియేషన్ ప్రయోగాలకు వాడారన్న సంగతి బయటపడ్డాక, 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఎగుమతిని పూర్తిగా ఆపేసింది.

నాలుగు దశాబ్దాల తర్వాత కోవిడ్ వచ్చింది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసిన కోవాగ్జిన్‌ను మనుషుల ట్రయల్స్ సమయంలోనే 20 రీసస్ కోతులపై పరీక్షించారు. పుణేలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీలో అయిదేసి చొప్పున నాలుగు గుంపులు చేసి, టీకా ఇచ్చి, తర్వాత వైరస్ ఎక్కించి చూశారు. పరిశోధన కోసమే పెంచిన కోతులు దేశంలో సరిపడా దొరకలేదు. లాక్‌డౌన్‌లో తిండి దొరక్క కోతులు ఊళ్లు వదిలి వెళ్లిపోవడంతో వెతికి వెతికి చివరికి నాగ్‌పూర్ పరిసరాల్లో పట్టుకున్నారు. అడవి కోతిని పట్టి బోనులో పెట్టడం దానికి నరకం. శాస్త్రపరంగా కూడా అది మంచిది కాదు. ఏ జబ్బులున్నాయో, వయసెంతో తెలియని జంతువు ఇచ్చే ఫలితం నిలకడగా ఉండదు. జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రాన్ని నెలకొల్పడానికి ఒక కారణం ఈ లోటే. జంతువులు తగ్గాలని కోరుకునేవారికి పెద్ద జంతు కేంద్రం కట్టడం విడ్డూరంగా తోచవచ్చు. కానీ ఆరోగ్యంగా పెంచిన పది జంతువులతో తేలే విషయానికి, ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన ముప్ఫై జంతువులను వాడడం కంటే ఇది మేలు.

మన చట్టం: పరిధి పెద్దది, జరిమానా చిన్నది

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 14వ సెక్షన్ పరిశోధన కోసం చేసే ప్రయోగాలను అనుమతిస్తుంది. దాంతోపాటు చట్టం కొన్ని షరతులు పెట్టింది. చిన్న జంతువుతో సరిపోయే చోట పెద్ద జంతువును వాడకూడదు, మత్తు ఇచ్చి చేయాలి, కేవలం చెయ్యి తిరగడం కోసం వీలైనంతవరకు చేయకూడదు. ఈ చట్టం దృష్టిలో మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువే. అమెరికా జంతు సంక్షేమ చట్టం పరిశోధన కోసం పెంచిన ఎలుకలను, చిట్టెలుకలను, పక్షులను లెక్కలోకే తీసుకోదు. అక్కడి ల్యాబుల్లో ఉండేవి ఎక్కువగా అవే. ఆ విధంగా చూస్తే మన చట్టం మెరుగు. కానీ జంతు ప్రయోగాలను పర్యవేక్షించే ప్రభుత్వ కమిటీ ఆదేశాన్ని ఉల్లంఘిస్తే పడే గరిష్ఠ జరిమానా 200 రూపాయలు. ఆరు దశాబ్దాలుగా అదే అంకె. ఒక ల్యాబ్ చిట్టెలుక ధర కూడా ఇంచుమించు అదే స్థాయిలో ఉండే రోజుల్లో ఇది ఎవరినీ భయపెట్టదు. నిజంగా భయపెట్టేది అనుమతి రద్దు చేసే అధికారమే.

ఆ పర్యవేక్షణ కమిటీ 1964లో ఏర్పడినా చాలాకాలం పేరుకే ఉండిపోయింది. 1998లో నిబంధనలు వచ్చాక కదలిక వచ్చింది. ప్రతి సంస్థలోనూ ఒక జంతు ఎథిక్స్ కమిటీ ఉండాలి. శాస్త్రవేత్తలతో పాటు పశువైద్యుడు, సంస్థకు బయటి శాస్త్రవేత్త, శాస్త్రరంగంతో సంబంధం లేని ఒక పౌరుడు, ప్రభుత్వ కమిటీ ప్రతినిధి అందులో కూర్చుంటారు. పెద్ద జంతువులపై ప్రయోగాలకు ఢిల్లీ అనుమతి కూడా కావాలి.

జంతువుల తలరాత నిజంగా మారేది పార్లమెంటులోనో కోర్టులోనో కంటే ఈ కమిటీ గదిలోనే. అక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని జంతువులు?" అని అనుకుంటారు. "ఎందుకు ఇన్ని?" అన్నది అంతకంటే మంచి ప్రశ్న. సంఖ్య మరీ తగ్గిస్తే ఫలితం నమ్మదగింది కాక ఆ కొద్ది ప్రాణాలూ వృథా అవుతాయి. ఏ జంతువుకు మందు, ఏ జంతువుకు ఉత్తి సెలైన్ అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారా, ఫలితం లెక్కించేవారికి ఆ సంగతి తెలియకుండా జాగ్రత్తపడ్డారా, ఇదే ప్రయోగం ఎవరైనా ఇదివరకే చేసి విఫలమయ్యారా? చివరి ప్రశ్నకు జవాబు దొరకడం అన్నింటికంటే కష్టం. విఫలమైన ప్రయోగాలు ప్రచురణకు నోచుకోవడం అరుదు. ఎక్కడో ఒకచోట పనిచేయదని తేలిన సంగతినే ఇంకోచోట మళ్లీ జంతువులను చంపి తెలుసుకుంటున్నారు. పరిశోధనా పత్రికలూ, నిధులిచ్చే సంస్థలూ తలచుకుంటే ఏ కొత్త యంత్రమూ అక్కర్లేకుండా తగ్గించగల బాధ ఇది.

బ్రిటన్ ప్రభుత్వం ఏటా జాతులవారీగా, బాధ తీవ్రత వారీగా లెక్కలు ప్రకటిస్తుంది. 2023లో అక్కడ సుమారు 27 లక్షల ప్రక్రియలు జరిగాయి. మన దగ్గర అంత వివరమైన వార్షిక లెక్కను జనం ముందు పెట్టే అలవాటు లేదు. తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా అన్నది తెలియనప్పుడు విధానం పనిచేస్తోందో లేదో చెప్పలేం.

జంతువు లేకుండా ఎంత దూరం వెళ్లొచ్చు

1959లో విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు చెప్పిన మూడు మార్గాలే ఇప్పటికీ ఆధారం: వీలైన చోట జంతువుకు బదులు వేరేది వాడడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం. మన కమిటీ దీనికి నాలుగోది చేర్చింది. ప్రయోగం ముగిశాక బతికిన జంతువుకు పునరావాసం కల్పించాలి. ల్యాబుల నుంచి బయటకొచ్చిన బీగిల్ కుక్కలను ఇళ్లలో పెంపకానికి ఇవ్వడం ఇలా మొదలైందే.

కొన్ని పరీక్షలు ఇప్పటికే కనుమరుగయ్యాయి. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని భారత్ 2014లో నిషేధించింది, అలా పరీక్షించిన వాటి దిగుమతినీ ఆపేసింది. డిగ్రీ జువాలజీ ప్రాక్టికల్స్‌లో కప్పలను కోయడాన్ని యూజీసీ మాన్పించింది. సగం జంతువులు చచ్చేదాకా మోతాదు పెంచే పాత ఎల్‌డీ50 పరీక్షను అభివృద్ధి చెందిన దేశాల కూటమి ఓఈసీడీ 2002లో తన మార్గదర్శకాల నుంచి తీసేసింది. దాని స్థానంలో వచ్చిన పద్ధతులకు చాలా తక్కువ జంతువులు చాలు. ఇంజెక్షన్ మందులో జ్వరం తెప్పించే మలినాలున్నాయా అని కుందేలుకు ఎక్కించి చూసే పరీక్ష స్థానంలో వేరే పద్ధతులను 2018 ఇండియన్ ఫార్మకోపియా (మన మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకం) తెచ్చింది. ఆ వేరే పద్ధతుల్లో ఒకటి హార్స్‌షూ పీతల రక్తంతో చేసేది. కుందేలు తప్పించుకుంటే పీత దొరికింది. ల్యాబ్‌లోనే తయారయ్యే ప్రొటీన్‌తో ఆ పీతనూ తప్పించే దారి ఇప్పుడుంది.

ఆర్గన్-ఆన్-చిప్ అంటే పెన్‌డ్రైవ్ అంత పరికరం. సన్నని గొట్టాల్లో మానవ కణాలు బతుకుతుంటాయి, వాటి పక్కనుంచి పోషక ద్రవం రక్తంలా పారుతుంది. 27 మందులతో చేసిన ఒక అధ్యయనం 2022లో వెలువడింది. జంతు పరీక్షలు దాటి వచ్చినా మనుషుల కాలేయాన్ని దెబ్బతీసిన మందుల్లో 87 శాతాన్ని కాలేయ చిప్ పట్టుకోగలిగింది. హైదరాబాద్ సీసీఎంబీలో కూడా మానవ కణాల ఆధారంగా ఇలాంటి పద్ధతులను ముందుకు తీసుకెళ్లడానికి ఒక కేంద్రం ఏర్పాటైంది.

చిప్‌కు పరిమితులున్నాయి. మందు కాలేయంలో విరిగి, ఆ ముక్క రక్తంలో తిరిగి, మెదడులో పనిచేసి, కడుపులోని బిడ్డకు చేరే ప్రయాణాన్ని అది ఇంకా చూపలేదు. నొప్పి, జ్ఞాపకం, ప్రవర్తన కణంలో కనిపించవు. ఆ కణాలను పెంచే ద్రవంలోనే చాలా చోట్ల చూలు ఆవులను కోసినప్పుడు గర్భంలోని దూడ నుంచి తీసే సీరం కలుపుతారు. జంతువు లేని పద్ధతి అని పేరుపడిన వాటిలోనూ జంతువు ఇలా కనిపించకుండా ఉంటుంది. సీరం లేని ద్రవాలు వచ్చాయి గానీ ఖరీదెక్కువ, అన్ని కణాలకూ సరిపడవు.

ముందు ముందు ఏం జరగవచ్చు

మార్పు అన్ని చోట్లా ఒకేసారి రాదు. యాంటీబాడీ మందులు, కాలేయ విషప్రభావం, చర్మం, కంటి పరీక్షలు ముందు మారతాయి. టీకాలు, గర్భంపై ప్రభావం, నాడీ జబ్బులు ఆలస్యమవుతాయి. ఇతర కంపెనీల కోసం పరీక్షలు చేసిపెట్టే హైదరాబాద్‌లోని కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలకు ఇది టెన్షనూ, అవకాశమూ. జంతు పరీక్షల ఆర్డర్లు తగ్గితే ఆ విభాగాల్లోని టెక్నీషియన్లు, పశువైద్యులు కొత్త పని నేర్చుకోవాలి. మానవ కణాల నమూనాలు నిలకడగా సరఫరా చేయగలిగితే కొత్త వ్యాపారం వస్తుంది. అందుకు ఆసుపత్రుల్లో ఆపరేషన్ల తర్వాత మిగిలే కణజాలాన్ని రోగి సమ్మతితో సేకరించే వ్యవస్థ కావాలి. ఆ సమ్మతి పత్రం తెలుగులో, రోగికి అర్థమయ్యేలా ఉండాలన్నది కూడా ఇదే చర్చలో భాగం. జంతువును తప్పించి, ఆ బరువును ఏమీ తెలియని పేద రోగి మీద వేస్తే 1947 నాటి న్యూరెంబర్గ్ మొదటి సూత్రాన్నే మరిచినట్టు.

అన్నింటికంటే ముందు తేలాల్సింది, కొత్త పద్ధతిని ఏ కొలతతో నమ్మాలన్నది. ఇప్పటిదాకా చాలా పద్ధతులను జంతు ఫలితాలతో పోల్చి, సరిపోలితేనే ఒప్పుకున్నారు. జంతువు తప్పు చెప్పిన చోట ఈ పోలిక కొత్త పద్ధతికే అన్యాయం చేస్తుంది. మనుషుల్లో ఇప్పటికే తెలిసిన ఫలితాలతో, అంటే మార్కెట్లోకి వచ్చాక హాని చేసిన మందులు, చేయని మందుల జాబితాతో పోల్చడం సరైన దారి. కాలేయ చిప్ అధ్యయనం చేసింది అదే. 2023 సవరణ ఈ పద్ధతులను పేర్లతో చెప్పింది. ఏ ప్రశ్నకు ఏ పద్ధతి చాలు, దానికి ఎంత ఆధారం కావాలి అన్న వివరమైన మార్గదర్శకాలు ఎంత స్పష్టంగా ఉంటే, కంపెనీలు పాత దారి వదిలి అంత ధైర్యంగా ఇటు వస్తాయి.